రోజూ ఆఫీసుకి బండి మీద వెళ్ళేవాళ్ళకి మాడ్యులర్ హెల్మెట్: ఎలా చూసి కొన్నా, వాడాక ఎలా ఉంది

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్ దాకా రోజూ బండి మీదే వెళ్తా, మలక్‌పేట, కోఠి, లక్డీకాపూల్, పంజాగుట్ట, చెక్‌పోస్ట్ మీదుగా, ట్రాఫిక్ బాగుంటే గంటలోపు, వాన పడిందంటే ఇంక ఎప్పుడు చేరతామో చెప్పలేం. ముందు మామూలు ఫుల్ ఫేస్, అంటే గడ్డం దాకా మూసి ఉండి ముందు భాగం లేవని హెల్మెట్, వాడేవాణ్ణి, తర్వాత మాడ్యులర్‌కి మారా. మాడ్యులర్ అంటే గడ్డం దగ్గరి భాగం బటన్ నొక్కితే పైకి లేస్తుంది చూడండి, ఆ టైపు, షాపుల్లో ఫ్లిప్ అప్ అని అడిగితేనే తీసి చూపిస్తారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఆ తర్వాత చలికాలం కూడా అయిపోయాక రాస్తున్నా కాబట్టి ఇది కొత్త మోజులో రాసే రివ్యూ కాదు.

ముందే చెప్తున్నా, నేను కొన్నదాని మోడల్ పేరు రాయను. రాస్తే చదివినవాళ్ళలో సగం మంది అదే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తారు, నాకు దిండులా ఉన్నది వాళ్ళకి నుదురు మీద నొక్కేసి అరగంటలో తలనొప్పి తెప్పించొచ్చు. హెల్మెట్ విషయంలో కంపెనీ కంటే ముందు మీ తల షేప్, ఆ తర్వాత గడ్డం భాగం ఎంత గట్టిగా లాక్ అవుతుంది అనేది, రంగు, డిజైన్, బ్లూటూత్ ఇవన్నీ ఆ తర్వాతే. రేటు మాత్రం చెప్తా, ఆరు ఏడు వేల మధ్యలో పడింది, పాలీకార్బొనేట్ షెల్, లోపల దించుకునే నల్ల గ్లాసు ఉంది, గడ్డం కింద టకటకా బిగిసే క్లిప్, ముందుండే గ్లాసుకి, అదే వైజర్‌కి, ఆవిరి పట్టకుండా ఆపే పిన్‌లాక్ పెట్టుకునే పిన్నులు ఉన్నాయి. వివరాలన్నీ కింద ఉన్నాయి.

అసలు ఎందుకు మారానంటే కళ్ళజోడు. నాకు చిన్నప్పటి నుంచి కళ్ళజోడు, ఫుల్ ఫేస్ పెట్టుకోవాలంటే జోడు తీసి ఎక్కడో పెట్టి, హెల్మెట్ లాక్కుని, మళ్ళీ ఆ సందులోంచి జోడు కాడలు కణతల పక్కకి దూర్చాలి, తీసేటప్పుడు మళ్ళీ ఇదంతా రివర్స్‌లో. పెట్రోల్ బంక్ దగ్గర ఒకసారి, ఆఫీస్ గేటు దగ్గర సెక్యూరిటీ అన్న మొహం చూపించమంటే ఒకసారి, రాత్రి పోలీసోళ్ళు బ్రీత్ అనలైజర్ పట్టుకుని ఆపితే ఇంకోసారి. ఇలా ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడు, దగ్గరే కదా అని హెల్మెట్ అద్దానికి తగిలించి వెళ్ళిపోతాడు, చాలామంది చేసేది ఇదే. మాడ్యులర్‌తో ఆ గొడవ లేదు, ముందు భాగం పైకెత్తి తలకి పెట్టుకుంటా, జోడు పెట్టుకుంటా, కిందికి లాగితే టక్కుమని పడుతుంది, అయిపోయింది. బంక్‌లో ముందు భాగం ఎత్తి "అన్నా, ఐదొందలకి కొట్టు" అని చెప్పొచ్చు, మంచినీళ్ళు తాగొచ్చు, దారి అడగొచ్చు, హెల్మెట్ తల మీదే ఉంటుంది. ఈ సౌకర్యం వల్లే పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళినా ఇప్పుడు హెల్మెట్ పెట్టుకునే వెళ్తున్నా, నాకైతే ఈ ఒక్క విషయానికే పెట్టిన డబ్బులు గిట్టాయి.

ఈ టైపు హెల్మెట్ కొత్తదేం కాదు, బీఎండబ్ల్యూ వాళ్ళు 1981లోనే సిస్టమ్ హెల్మెట్ అని జర్మనీలో తెచ్చారు. మన దగ్గర మాత్రం జనం ఎక్కువగా వాడటం మొదలుపెట్టింది ఈమధ్యే. ఇప్పుడు చాలా రేంజుల్లో దొరుకుతున్నాయి. తక్కువ రేటులో వేగా క్రక్స్, స్టడ్స్ వాళ్ళ నింజా సిరీస్ ఉన్నాయి, వేగా మన పక్క రాష్ట్రం బెళగావి కంపెనీయే, స్టడ్స్ వాళ్ళది ఫరీదాబాద్. మధ్యలో ఎస్‌ఎంకే గ్లైడ్, గల్‌వింగ్ వస్తాయి, ఎస్‌ఎంకే కూడా స్టడ్స్ వాళ్ళ బ్రాండే. ఇంకా పైకి వెళ్తే ఎల్‌ఎస్2 స్ట్రోబ్, ఎంటీ ఆటమ్ లాంటివి. గడ్డం భాగం నుదుటి మీద ఆగకుండా పూర్తిగా తల వెనక్కి తిరిగిపోయే టైపు కూడా ఉంది, ఎల్‌ఎస్2 వాలియంట్, షార్క్ ఇవో ఆ రకం. షోయీ నియోటెక్, షూబెర్త్ లాంటివి మంచివే కానీ ఆ రేటుకి ఓ పాత బండి వచ్చేస్తుంది, మామూలుగా ఆఫీసుకి తిరిగేవాళ్ళ బడ్జెట్‌లో అవి లేవు కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఇప్పుడు కొనే పద్ధతి. నేను కోఠి పుత్లీబౌలీ వెళ్ళా, అక్కడ బండి సామాన్ల షాపులు వరసగా ఉంటాయి, నాలుగు షాపులు తిరిగితే నాలుగు కంపెనీలవి తలకి పెట్టి చూడొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్ళకండి, జనం ఎక్కువుంటారు, షాపువాళ్ళకి మనతో అరగంట కూర్చునే ఓపిక ఉండదు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే "భయ్యా, పెట్టుకుని కాసేపు కూర్చుంటా" అంటే స్టూల్ వేసి మరీ కూర్చోబెడతారు. ఆ కాసేపు కూర్చోవడమే అసలు పరీక్ష. హెల్మెట్ పెట్టుకున్న మొదటి నిమిషంలో అన్నీ బాగానే ఉంటాయి, పదిహేను ఇరవై నిమిషాలు అయ్యాకే నుదురు మధ్యలో నొప్పి మొదలవుద్దా, కణతల దగ్గర నొక్కుద్దా, చెవి మడత పడిందా అనేది తెలుస్తుంది. తీసాక అద్దంలో చూసుకోండి, నుదుటి మీద ఒకచోట ఎర్రగా గుండ్రంగా మచ్చ పడితే ఆ హెల్మెట్ మీ తల షేప్‌కి పడదని అర్థం, ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోద్ది అని షాపువాడు అంటాడు కానీ సరిపోదు, నుదుటి దగ్గర నొప్పి తగ్గి పక్కల లూజ్ అయిపోద్ది. తలలు పై నుంచి చూస్తే కొన్ని ముందుకీ వెనక్కీ పొడుగ్గా ఉంటాయి, కొన్ని గుండ్రంగా ఉంటాయి, హెల్మెట్ కంపెనీలు కూడా ఒక్కోటి ఒక్కో అచ్చుతో చేస్తాయి. కాబట్టి షేప్ పడకపోతే వేరే మోడల్ చూడాలి, సైజు మార్చకూడదు.

సైజు గురించి చెప్పాలంటే ఇంట్లో టైలర్ టేపు ఉంటుంది కదా, కనుబొమ్మల పైన ఒక వేలు ఎత్తులో, చెవుల పైనుంచి, వెనక బాగా ఉబ్బుగా ఉన్న చోట మీదుగా చుట్టి కొలవండి. నాది 58 సెంటీమీటర్లు. ఒక కంపెనీలో అది ఎమ్, ఇంకో కంపెనీలో అదే ఎల్, అందుకని అక్షరం చూడకండి, స్టిక్కర్ మీద 580 అని మిల్లీమీటర్లలో రాసుంటుంది, అది చూడండి. పెట్టుకున్నాక గడ్డం భాగం మూసి, స్ట్రాప్ బిగించి, తల అటూ ఇటూ గట్టిగా ఊపండి, హెల్మెట్ తిరిగితే బుగ్గల చర్మం కూడా దానితో పాటు కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే లూజు. ఇంకోటి, వెనక కింద అంచు పట్టుకుని పైకి, ముందుకి ఎత్తి చూడండి, స్ట్రాప్ పెట్టి ఉన్నా కూడా కొన్ని హెల్మెట్లు ముందుకి ఊడొచ్చేస్తాయి, అలాంటిది పడినప్పుడు తల మీద ఉండదు. కొత్తలో బుగ్గలు కాస్త గట్టిగా పట్టినట్టు ఉండాలి, అది మంచిదే, వాడేకొద్దీ ప్యాడ్లు మెత్తబడి సర్దుకుంటాయి. కొత్తప్పుడే హాయిగా లూజుగా ఉన్నది కొంటే మూడు నాలుగు నెలల తర్వాత తల మీద గిన్నె బోర్లించినట్టు తిరుగుద్ది.

మాడ్యులర్‌కి ఇంకో పరీక్ష ఉంది, ఇంతకుముందు ఫుల్ ఫేస్ కొన్న అనుభవం ఉన్నవాళ్ళు కూడా దీన్ని మర్చిపోతారు. ముందు భాగం తెరిచి ఉన్నప్పుడు అన్నీ సౌకర్యంగానే ఉంటాయి, మూసినప్పుడు గడ్డం ఎక్కడ ఉంటుందో చూడాలి. కొన్నిటికి మూసేటప్పుడు కింది ప్యాడ్ దవడ చర్మాన్ని చిటికెలా పట్టేస్తుంది, కొన్నిటిలో గడ్డం నేరుగా ముందు భాగానికి తగులుతుంది. మాట్లాడి చూడండి, ఆవలించి చూడండి, గడ్డం తగలకూడదు. గడ్డం పెంచుకునేవాళ్ళు అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి, మూసేటప్పుడు వెంట్రుకలు లాచ్ దగ్గర, అంటే గడ్డం భాగాన్ని పట్టి ఉంచే గొళ్ళెం దగ్గర, ఇరుక్కుంటే ప్రాణం పోయినంత పనవుద్ది.

లాచ్ సంగతి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ హెల్మెట్‌లో ప్రాణం అంతా అక్కడే ఉంది. షాపులో హెల్మెట్ తెరిచి లోపలికి చూడండి, షెల్ రెండు పక్కల చిన్న పిన్నులు ఉంటాయి, గడ్డం భాగం రెండు చివర్లలో కొక్కేలు ఉంటాయి, మూసినప్పుడు ఆ కొక్కెం ఈ పిన్నుని పట్టుకుంటుంది. రెండూ స్టీలువి అయితే మంచిది, చవక వాటిలో కొక్కెం ప్లాస్టిక్‌ది ఉంటుంది, వేలితో తడితేనే తెలిసిపోద్ది. మూస్తే రెండు పక్కల నుంచీ టక్కుమని శబ్దం రావాలి. ఒక్కోసారి ఎడమ పక్క పడి కుడి పక్క పడదు, పైకి చూస్తే మూసినట్టే ఉంటుంది. అందుకని మూసాక బొటనవేళ్ళు రెండూ గడ్డం భాగం కింద పెట్టి పైకి తోసి చూడటం అలవాటు చేసుకున్నా, సెకను పని. బటన్ కూడా చూడండి, సాధారణంగా గడ్డం మధ్యలో కింద ఎర్రగా ఉంటుంది, గ్లవ్స్ వేసుకుని ఒక్క చేత్తో నొక్కి ఎత్తగలగాలి, రెండు చేతులు కావాల్సి వస్తే సిగ్నల్ దగ్గర పనికిరాదు. వానలో తడిసిన గ్లవ్‌తో నొక్కడానికి కూడా వీలుగా ఉండేంత పెద్ద బటన్ అయితే ఇంకా మంచిది.

ఈ లాచ్ గురించి ఇంగ్లండ్‌లో షార్ప్ అని ప్రభుత్వం వాళ్ళదే ఒక రేటింగ్ ఉంది, 2007లో మొదలుపెట్టారు, హెల్మెట్లు కొని పగలగొట్టి ఐదు స్టార్లకి మార్కులు వేస్తారు. ఫ్లిప్ అప్ వాటికి స్టార్లతో పాటు ఇంకో అంకె కూడా ఇస్తారు, దెబ్బలు కొట్టినప్పుడు గడ్డం భాగం ఎన్నిసార్లు మూసుకునే ఉంది అని పర్సెంట్‌లో. మీరు చూసే మోడల్ యూరప్‌లో కూడా అమ్మేదైతే వాళ్ళ సైట్‌లో పేరు కొట్టి చూడండి, అక్కడ నాలుగు స్టార్లు ఉండి లాచ్ పర్సెంట్ తక్కువున్న హెల్మెట్ల గురించి కూడా తెలుస్తుంది. నేను రెండు మోడళ్ళ మధ్య తేల్చుకోలేక ఊగిసలాడుతున్నప్పుడు తేల్చింది ఈ అంకే.

సర్టిఫికెట్లలో మనకి ముఖ్యమైనది ఐఎస్ఐ, హెల్మెట్‌కి నంబర్ ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి టూవీలర్ హెల్మెట్ ఐఎస్ఐ మార్క్ లేకుండా తయారు చేయడం, అమ్మడం కుదరదు. మార్క్ పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉంటుంది, ఆ నంబర్ ఐఎస్ఐ మార్క్ ఇచ్చే బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి లైసెన్స్ ఇచ్చారో వచ్చేస్తుంది. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని అమ్మేవాటి మీద కూడా ఐఎస్ఐ స్టిక్కర్ ఉంటుంది, యాప్‌లో కొట్టి చూస్తే అసలు సంగతి బయటపడుద్ది. యూరప్ ది ఈసీఈ, అది గడ్డం స్ట్రాప్‌కి కుట్టిన తెల్ల గుడ్డ మీద ఉంటుంది, గుండ్రంలో ఈ అని పక్కన దేశం నంబర్, కింద నంబర్ 05 తో మొదలైతే పాత రూల్, 06 తో మొదలైతే కొత్తది. ఆ నంబర్ చివర పీ అని ఉంటే గడ్డం భాగం మూసి నడిపితేనే టెస్ట్ పాసైనట్టు, పీ/జే అని ఉంటే తెరిచి నడిపినా ఓపెన్ ఫేస్, అంటే గడ్డం దగ్గర అడ్డం లేని హెల్మెట్, లెక్కన పాసైనట్టు. పీ/జే ఉన్నవాటికి పైకెత్తాక అక్కడే ఆగిపోయేలా పక్కన చిన్న లాక్ ఉంటుంది సాధారణంగా. అమెరికా డాట్ స్టిక్కర్ చూసి మోసపోకండి, ఆ టెస్టులో గడ్డం భాగాన్ని అసలు కొట్టి చూడరు.

తెరిచి నడపడం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర చూడండి, మాడ్యులర్ పెట్టుకున్నవాళ్ళలో చాలామంది ముందు భాగం పైకెత్తేసి, కిరీటం పెట్టినట్టు నడుపుతుంటారు. ఆగినప్పుడు ఎత్తండి, గాలి పీల్చుకోండి, కదిలేటప్పుడు మూసేయండి. పడితే గడ్డం, దవడ మీద దెబ్బ పడటం చాలా మామూలు, జర్మనీలో డీట్‌మార్ ఓట్టే అనే ఆయన యాక్సిడెంట్లలో హెల్మెట్‌కి ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో లెక్క తీస్తే మూడో వంతు దాకా గడ్డం, దవడ ప్రాంతంలోనే తేలింది. గడ్డం భాగం నెత్తి మీద ఉంటే ఆ మూడో వంతుకి అడ్డం ఏమీ లేనట్టే. పైగా స్పీడు పెరిగితే గాలికి ఆ పైకెత్తిన భాగం తలని వెనక్కి లాగుద్ది, మెడ పట్టేస్తుంది. ఇంత డబ్బు పోసి కొన్నది తెరిచి నడిపేదానికైతే సగం రేటుకి ఓపెన్ ఫేస్ వస్తుంది కదా.

ఇప్పుడు వాడకంలో ఎలా ఉందో. బరువు ఎక్కువే, ఇది దాచేది కాదు. మాడ్యులర్లు చాలావరకు కిలోన్నర నుంచి కిలో ఏడొందల గ్రాముల మధ్య ఉంటాయి, లాచ్, ముందు భాగం తిరిగే హింజ్, లోపలి నల్ల గ్లాసు అన్నీ కలిపి ఆ బరువు వస్తుంది. మొదటి వారం మెడ వెనక, భుజాల దగ్గర నొప్పి తెలిసింది, తర్వాత అలవాటైపోయింది. సైజు సరిగ్గా ఉంటే బరువు తల మొత్తం మీద పరుచుకుంటుంది, లూజుగా ఉంటే అదే బరువు రెండింతలు అనిపిస్తుంది. మెడ నొప్పి, స్పాండిలైటిస్ లాంటివి ఆల్రెడీ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి కొనండి, వాళ్ళకి తేలికపాటి ఫుల్ ఫేస్ నయం.

శబ్దం. సిటీలో అరవై లోపు ఏమీ తెలియదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక ఎనభైకి వెళ్తే హింజ్ దగ్గర నుంచి సన్నగా ఈల లాంటి శబ్దం మొదలైంది, సూర్యాపేటలో టీకి ఆగేసరికి చెవులు గింగురుమంటున్నాయి. ముందు భాగం విడిగా ఉండే హెల్మెట్ కాబట్టి సందులు ఎక్కువ, ఫుల్ ఫేస్ కంటే శబ్దం ఉంటుంది, ఎంత రేటు పెట్టినా కొంత ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ పెట్టుకున్నాక కోదాడ దాకా హాయిగా వెళ్ళా, హారన్లు వినపడుతూనే ఉంటాయి, గాలి హోరు ఒక్కటే తగ్గుద్ది. మీ వాడకం ఎక్కువగా హైవే మీదే అయితే, వారం వారం రెండొందల కిలోమీటర్లు కొట్టేవాళ్ళు అయితే, మాడ్యులర్ వద్దు, మంచి ఫుల్ ఫేస్ తీసుకోండి. నా మాట సిటీలో తిరిగేవాళ్ళకి.

ఎండాకాలం గురించి అందరూ అడుగుతారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి అమీర్‌పేటలో ఏ హెల్మెట్ అయినా వేడే, గాలి రంధ్రాలు, అదే వెంట్లు, తెరిచినా బండి కదులుతుంటేనే గాలి ఆడుద్ది. కానీ మాడ్యులర్‌లో సిగ్నల్ దగ్గర ముందు భాగం ఎత్తేస్తే ఆ నిమిషంన్నర మొహానికి గాలి తగులుద్ది, అది చాలా పెద్ద తేడా, ఫుల్ ఫేస్‌లో వైజర్ ఎత్తినా గడ్డం దగ్గర ఆవిరి అలాగే ఉంటుంది. లోపల పల్చటి కాటన్ టోపీ ఒకటి పెట్టుకుంటా, చెమట అది పీల్చుకుంటుంది, రోజూ ఉతకొచ్చు. నల్ల గ్లాసు ఎండాకాలంలోనే కాదు, సాయంత్రం ఎదురెండలో కూడా బంగారం లాంటిది, బొటనవేలితో పక్కనున్న మీట జరిపితే కళ్ళ ముందుకి దిగిపోద్ది, చీకటి పడగానే పైకి తోసేయొచ్చు. బయట వైజర్‌కే నల్ల ఫిల్మ్ అంటించుకుని రాత్రి కూడా అదే పెట్టుకుని నడిపేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఒకటి చూసుకోండి, ఆ నల్ల గ్లాసు దించినప్పుడు జోడు పై అంచుకి లేదా ముక్కు దగ్గర తగులుద్దేమో షాపులోనే చూడాలి, నాకు ఒక మోడల్ ఇక్కడే తేడా కొట్టింది, మిగతా అంతా బాగున్నా వదిలేశా.

వానాకాలంలో అసలు సమస్య వైజర్ లోపల ఆవిరి. ముసురు పట్టినప్పుడు వెంట్లు మూసేస్తాం, ఊపిరి బయటికి పోదు, పది సెకన్లలో గ్లాసు తెల్లగా అయిపోద్ది, దాని వెనక కళ్ళజోడు కూడా మసకబారుద్ది, ఎదురుగా వచ్చే లైట్లన్నీ పువ్వుల్లా విచ్చుకుంటాయి, ఏది ఆటోనో ఏది లారీనో తెలియదు. దీనికి పిన్‌లాక్ ఒక్కటే నిజంగా పనిచేసింది. వైజర్ లోపలి వైపు ఇంకో పల్చటి గ్లాసు అమరుస్తారు, చుట్టూ సిలికాన్ అంచు ఉండి మధ్యలో గాలి నిలబడుద్ది, అందువల్ల లోపలి గ్లాసు చల్లబడదు, ఆవిరి పట్టదు. అది పెట్టుకోవాలంటే వైజర్‌కి రెండు పక్కల పిన్నులు ఉండాలి, పిన్నులు లేని వైజర్‌కి తర్వాత పెట్టించలేం, అందుకే కొనేటప్పుడే చూసుకోమంటున్నా. కొన్ని కంపెనీలు పెట్టెలోనే ఇస్తాయి, లేకపోతే విడిగా వెయ్యి పైనే అవుద్ది. దాన్ని తుడిచేటప్పుడు మెత్తటి తడిగుడ్డ చాలు, కొలిన్ లాంటివి కొట్టకండి, పాడైపోద్ది. పిన్‌లాక్ వైజర్‌కే కాబట్టి కళ్ళజోడు మీద ఆవిరి కొంచెం ఉంటుంది, ముక్కు దగ్గర ఇచ్చే చిన్న రబ్బర్ అడ్డం పెట్టుకుంటే ఊపిరి కిందికి పోద్ది, అది కూడా చాలావరకు తగ్గుద్ది. డిసెంబర్‌లో పొద్దున్నే వెళ్ళేవాళ్ళకీ ఇదంతా ఇలాగే వర్తిస్తుంది.

వానలో ఇంకో చిన్న సంగతి, మూసి ఉన్న హెల్మెట్ పైకి ఎత్తగానే నుదుటి మీద నిలిచిన నీళ్ళు సరిగ్గా కళ్ళజోడు మీదకి కారతాయి. ఎత్తేముందు తల కాస్త ముందుకి వంచి విదిలిస్తే సరిపోద్ది.

స్ట్రాప్ గురించి ఎక్కువ రాసేదేం లేదు, పళ్ళు పళ్ళుగా ఉండి టకటకా బిగిసే క్లిప్ రోజువారీకి బాగుంటుంది, రెండు రింగులది ఇంకా గట్టిదంటారు కానీ రోజుకి ఇన్నిసార్లు తీసి పెట్టేవాళ్ళకి ఓపిక ఉండదు. ఏదైనా సరే గడ్డం కింద రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలి, అంతకంటే ఎక్కువ ఉండకూడదు.

షాపులో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, "భయ్యా, దీనికి వైజర్ విడిగా దొరుకుద్దా, ఎంత?" అని. ఇంతకుముందు నేను వాడిన హెల్మెట్‌కి, పేరు అనవసరం, వైజర్ పక్కన పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగింది, చేతి గోరంత ముక్క, దాని కోసం సిటీ అంతా తిరిగినా దొరకలేదు, కంపెనీకి మెయిల్ పెడితే ఆ మోడల్ ఆపేశామన్నారు. మంచిగా ఉన్న హెల్మెట్ ఆ ముక్క కోసం మూలన పడింది. మాడ్యులర్‌లో విరిగే ముక్కలు ఇంకా ఎక్కువ, హింజ్ కవర్లు, లాచ్, నల్ల గ్లాసు మీట, అందుకని కనీసం వైజర్, పక్క ముక్కలు, బుగ్గల ప్యాడ్లు విడిగా అమ్మే కంపెనీదే తీసుకోవాలి. ఇప్పుడు నాదానికి వైజర్ ఇంకోటి కొని ఇంట్లో పెట్టా, గీతలు పడితే రాత్రిపూట లైట్లు చీలి కనపడతాయి, అప్పుడు మార్చేయడమే.

ఆన్‌లైన్‌లో రేటు కొంచెం తక్కువ ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ షాపులో తలకి పెట్టి చూసి, అరగంట వాడి టైం తీసుకుని, తర్వాత మూడొందలకి కక్కుర్తి పడి ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు నచ్చదు, అక్కడే బేరమాడితే వాళ్ళూ కొంత తగ్గిస్తారు, లాచ్ ఏదైనా తేడా వస్తే తీసుకెళ్ళి చూపించడానికి మనిషి ఉంటాడు. ఊళ్ళో మంచి షాపు లేనివాళ్ళు ఆన్‌లైన్‌లోనే తీసుకోక తప్పదు, అలాంటప్పుడు సైజు మార్చుకునే వీలుందో లేదో చూసి, వచ్చాక ట్యాగులు తెంపకుండా ఇంట్లో టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని కూర్చోండి.

చూసుకోవడం గురించి: లోపలి గుడ్డ బటన్లు ఊడదీస్తే వచ్చేస్తుంది, నెలకోసారి షాంపూ నీళ్ళలో నానబెట్టి చేత్తో పిండి నీడన ఆరేస్తా, వాషింగ్ మెషీన్‌లో వేయను. తలకి నూనె రాసుకునేవాళ్ళు ఇంకా తరచుగా ఉతకాలి, జిడ్డు పట్టిన ప్యాడ్లు గట్టిపడి నొక్కడం మొదలుపెడతాయి. హింజ్ దగ్గర, లాచ్ పిన్నుల దగ్గర మట్టి చేరుద్ది, పాత టూత్ బ్రష్‌తో దులిపి సిలికాన్ స్ప్రే ఒక చుక్క వేస్తే మూసేటప్పుడు శబ్దం మళ్ళీ కొత్తదానిలా వస్తుంది, పెట్రోల్, థిన్నర్ మాత్రం దగ్గరికి రానీయకండి, పాలీకార్బొనేట్ షెల్‌నీ లోపలి థర్మాకోల్‌నీ తినేస్తాయి. బండి అద్దానికి తగిలించకండి, లోపలి థర్మాకోల్ అక్కడ గుంట పడుద్ది, దెబ్బ ఆపేది ఆ థర్మాకోలే. గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయాలి, పడకపోయినా ఐదేళ్ళకి మార్చమని కంపెనీలే చెప్తాయి. లోపల గుడ్డ కింద తయారైన నెల, సంవత్సరం రాసుంటుంది, కొనేటప్పుడు అది కూడా ఎత్తి చూడండి, షాపులో రెండేళ్ళ నుంచి డబ్బాలో ఉన్నది డిస్కౌంట్ అని అంటగడతారు.